పోస్ట్‌గ్రెస్‌లో సార్టింగ్, గ్రూపింగ్ ఆప్టిమైజేషన్‌ను టెస్ట్ చేయడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్డర్ బై, గ్రూప్ బై ఉన్న క్వెరీ నెమ్మదిస్తే చాలామంది ఒక ఇండెక్స్ వేసి, మళ్లీ రన్ చేసి, టైమ్ చూసుకుంటారు. టైమ్ తగ్గితే పని అయిపోయినట్టే. కానీ ఎందుకు తగ్గిందో తెలియకపోతే, డేటా పెరిగాక మళ్లీ ఎందుకు నెమ్మదించిందో కూడా తెలియదు. అందుకే టైమ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ ఫలితానికి క్రమం ఎక్కడి నుంచి వచ్చింది? ఇండెక్స్ నుంచా, మెమరీలో సార్ట్ చేస్తేనా, డిస్క్ మీద సార్ట్ చేస్తేనా, లేక అసలు క్రమమే అక్కర్లేకుండా హాష్‌తో పని జరిగిందా? కింది జవాబులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఉదాహరణలు దాదాపు అన్నీ పోస్ట్‌గ్రెస్ (PostgreSQL) డేటాబేస్‌వి.

మొదట ఏం చూడాలి?

ప్లాన్ చూడాలి. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని పెడితే ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం) ఏం చేయాలనుకుంటోందో చెబుతుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అని పెడితే క్వెరీని నిజంగా నడిపి, ఏం జరిగిందో చెబుతుంది. మనకు కావాల్సింది రెండోది. ఎన్ని డేటా పేజీలు చదివిందో, రాసిందో చూపే బఫర్స్ ఆప్షన్ కూడా దానికి జోడించండి. 18వ వెర్షన్ నుంచి ఎనలైజ్ అంటే బఫర్స్ దానంతటదే వస్తుంది, అంతకుముందు వెర్షన్లలో మనమే అడగాలి. సెట్టింగ్స్ అనే ఆప్షన్ కూడా మంచిది. డిఫాల్ట్ కాకుండా మార్చిన ప్లానర్ సెట్టింగులను ప్లాన్ చివర రాసి పెడుతుంది. ప్లాన్‌ను తోటి ఉద్యోగికి పంపినప్పుడు "నీ మెషీన్‌లో వర్క్ మెమ్ ఎంత పెట్టావు?" అని అడిగే పని తప్పుతుంది. వర్క్ మెమ్ అంటే ఒక సార్ట్‌కో, హాష్‌కో వాడుకోనిచ్చే మెమరీ పరిమితి.

అప్‌డేట్, డిలీట్ ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టినా అవి నిజంగానే జరిగిపోతాయి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, చూశాక రోల్‌బ్యాక్ చేయండి.

ప్లాన్‌లో సార్ట్ అనే నోడ్ కనిపిస్తే ఆప్టిమైజేషన్ జరగనట్టేనా?

కాదు. నోడ్ అంటే ప్లాన్‌లో ఒక మెట్టు. సార్ట్ నోడ్ కింద సార్ట్ మెథడ్ అని ఒక లైన్ ఉంటుంది. అసలు విషయం అక్కడ ఉంటుంది.

క్విక్‌సార్ట్ అని ఉండి పక్కన మెమరీ అని ఉంటే, మొత్తం సార్ట్ మెమరీలోనే జరిగిపోయింది. రికార్డులు కొన్ని వేలు ఉన్నప్పుడు ఇది లెక్కలోకి రాని ఖర్చు. దాన్ని తప్పించడానికి ఇండెక్స్ వేస్తే, ప్రతి ఇన్సర్ట్‌కీ ఆ ఇండెక్స్ భారం మోయాల్సి వస్తుంది. టాప్-ఎన్ హీప్‌సార్ట్ అని ఉంటే, క్వెరీలో లిమిట్ ఉంది కాబట్టి పైన కావాల్సిన కొద్ది రికార్డులనే చేతిలో ఉంచుకుంటూ మిగతావాటిని వదిలేసింది. లక్షల రికార్డులు చదివినా మెమరీ కొన్ని కేబీలు దాటదు. ఎక్స్‌టర్నల్ మెర్జ్ అని, పక్కన డిస్క్ అని ఉంటేనే ఆగి చూడాలి. డేటా మెమరీలో పట్టక, ముక్కలుగా సార్ట్ చేసి టెంప్ ఫైళ్లలో రాసి, తర్వాత కలిపింది.

కాబట్టి "సార్ట్ ఉందా లేదా" అని మాత్రమే టెస్ట్ చేస్తే సగం పనే అయినట్టు. ఏ పద్ధతిలో సార్ట్ అయిందన్నది మిగతా సగం.

డిస్క్ 30 ఎంబీ అని చూపిస్తోంది. వర్క్ మెమ్‌ను 32 ఎంబీ చేసినా మళ్లీ డిస్క్‌కే వెళ్తోంది. ఎందుకని?

డిస్క్ మీద రాసేటప్పుడు రికార్డులను కుదించినట్టు పక్కపక్కన పేర్చేస్తుంది. మెమరీలో ఒక్కో రికార్డుకూ పాయింటర్లు, హెడర్, అలైన్‌మెంట్ కోసం వదిలే ఖాళీ, ఇవన్నీ కలుస్తాయి. రికార్డు చిన్నదైన కొద్దీ ఈ అదనపు భారం ఎక్కువగా తెలుస్తుంది. డిస్క్ మీద 30 ఎంబీ పట్టిన డేటాకు మెమరీలో దానికి రెండింతలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాల్సి రావచ్చు. లెక్క వేసుకుంటూ కూర్చోకుండా, ఆ సెషన్‌లో మాత్రమే వర్క్ మెమ్‌ను మెట్లు మెట్లుగా పెంచుతూ, ఎక్స్‌టర్నల్ మెర్జ్ ఎక్కడ క్విక్‌సార్ట్‌గా మారుతుందో చూడండి.

రెండు పద్ధతుల టైమ్ కూడా పోల్చి చూడండి. ఫాస్ట్ డిస్క్, ఖాళీగా ఉన్న సర్వర్ అయితే తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. అప్పుడు దాన్ని వదిలేసి వేరే పని చూసుకోవచ్చు.

అయితే సర్వర్ మొత్తానికి వర్క్ మెమ్ పెంచేస్తే సరిపోదా?

దయచేసి ఆ పని తొందరపడి చేయకండి. డిఫాల్ట్ 4 ఎంబీ, అది చాలా తక్కువే. కానీ ఆ పరిమితి ఒక క్వెరీకో, ఒక కనెక్షన్‌కో కాదు. క్వెరీ ప్లాన్‌లోని ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హాష్‌కు విడివిడిగా అంత. పారలల్ వర్కర్లు నడిస్తే ఒక్కో వర్కర్‌కూ మళ్లీ అంత. హాష్ నోడ్లకైతే హాష్ మెమ్ మల్టిప్లయర్‌తో గుణించినంత, 15వ వెర్షన్ నుంచి దాని డిఫాల్ట్ 2. వంద కనెక్షన్లు ఒకేసారి రిపోర్ట్ క్వెరీలు నడిపే రోజున ఈ గుణకారం సర్వర్‌ను కూల్చేస్తుంది.

రాత్రిపూట నడిచే రిపోర్టుకు ఎక్కువ మెమరీ కావాలంటే, ఆ ట్రాన్సాక్షన్‌లో సెట్ లోకల్‌తో పెంచండి. లేదా రిపోర్టుల కోసం వేరే యూజర్ ఉంటే ఆ యూజర్‌కే సెట్ చేయండి.

టెస్ట్ డేటా ఎలా తయారు చేసుకోవాలి?

తప్పుడు నిర్ధారణలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

జనరేట్ సిరీస్‌తో 1 నుంచి 10 లక్షల వరకు అంకెలు పోసి, ఆ కాలమ్ మీదే ఆర్డర్ బై పెట్టి, "సార్ట్ భలే ఫాస్ట్‌గా ఉంది" అనుకోవడం తరచూ చూస్తుంటాం. పోస్ట్‌గ్రెస్ క్విక్‌సార్ట్, డేటా ముందే క్రమంలో ఉందా అని మొదట ఒకసారి చూసుకుంటుంది. ఉంటే అక్కడితో పని ముగిస్తుంది. అంటే మీరు కొలిచింది సార్ట్‌ను కాదు, ఆ తనిఖీని.

ఇంకో చిక్కు కూడా ఉంది. డేటా వరుసగా పోసినప్పుడు టేబుల్‌లో రికార్డుల భౌతిక క్రమం, కాలమ్ విలువల క్రమం ఒకటే అవుతాయి. ఈ పోలికను పోస్ట్‌గ్రెస్ కోరిలేషన్ అనే పేరుతో గణాంకాల్లో దాచుకుంటుంది, పీజీ స్టాట్స్ వ్యూలో మీరే చూడవచ్చు. అది 1కి దగ్గరగా ఉంటే ఇండెక్స్ క్రమంలో టేబుల్ చదవడం చవక. సున్నాకి దగ్గరగా ఉంటే ఒక్కో రికార్డు కోసం ఒక్కో పేజీకి గెంతాలి. అప్పుడు ప్లానర్ ఇండెక్స్‌ను పక్కన పెట్టి, టేబుల్ మొత్తం చదివి సార్ట్ చేయడమే మేలనుకోవచ్చు. కాబట్టి ఒకే క్వెరీని రెండు రకాల టేబుళ్ల మీద నడపండి: ఒకటి క్రమంగా పోసింది, ఇంకొకటి అదే డేటాను కలగాపులగం చేసి పోసింది. రెండింటికీ ప్లాన్ వేరుగా వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, అది ప్లానర్ సరిగ్గా పని చేస్తోందనడానికి గుర్తు.

విలువలు కూడా సమానంగా పంచినట్టు ఉండకూడదు. నిజ జీవితంలో కొందరు కస్టమర్లకు వేల ఆర్డర్లుంటాయి, చాలామందికి ఒకటో రెండో. రాండమ్ ఫంక్షన్ ఒక్కదానితో పోసిన డేటాలో ఆ ఎగుడుదిగుడు రాదు.

డేటా పోశాక వాక్యూమ్ ఎనలైజ్ తప్పనిసరి. ఎనలైజ్ లేకపోతే ప్లానర్ దగ్గర గణాంకాలుండవు. వాక్యూమ్ లేకపోతే విజిబిలిటీ మ్యాప్ (ఏ పేజీల్లోని రికార్డులన్నీ అందరికీ కనిపిస్తాయో చెప్పే పట్టిక) నిండదు, ఇండెక్స్ ఓన్లీ స్కాన్ (టేబుల్ తాకకుండా ఇండెక్స్‌తోనే జవాబిచ్చే పద్ధతి) ప్లాన్‌లో ఉన్నా మళ్లీ మళ్లీ టేబుల్ దగ్గరికి వెళ్తుంది. ప్లాన్‌లో హీప్ ఫెచెస్ అనే అంకె అదే.

ఆర్డర్ బై కాలమ్ మీద ఇండెక్స్ ఉంది. అయినా సార్ట్ చేస్తోంది. కారణం?

కారణాలు చాలా ఉండొచ్చు. మొదటిది, అది ఏ రకం ఇండెక్స్? పోస్ట్‌గ్రెస్ ఇండెక్సుల్లో బీ-ట్రీ మాత్రమే క్రమబద్ధంగా ఫలితాన్ని ఇవ్వగలదు. హాష్, జిన్, బ్రిన్ ఇండెక్సులు ఆ పనికి రావు.

రెండోది దిశ. కస్టమర్ ఐడీ, తేదీ అనే రెండు కాలమ్‌ల ఇండెక్స్‌ను ముందు నుంచి చదివితే రెండూ పెరిగే క్రమం, వెనక నుంచి చదివితే రెండూ తగ్గే క్రమం. "కస్టమర్ పెరిగే క్రమంలో, తేదీ తగ్గే క్రమంలో" అని అడిగితే ఎటు నుంచి చదివినా కుదరదు. ఇండెక్స్ సృష్టించేటప్పుడే తేదీకి డెస్క్ (DESC, అంటే తగ్గే క్రమం) అని చెప్పాలి.

మూడోది నల్ విలువలు. పెరిగే క్రమంలో నల్ విలువలు చివర, తగ్గే క్రమంలో మొదట రావడం పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్. తగ్గే క్రమం అడిగి నల్స్ లాస్ట్ అంటే మామూలు ఇండెక్స్ సరిపోదు. వెబ్ యాప్‌లలో "కొత్తవి ముందు, తేదీ లేనివి చివర" అనే లిస్టులకు ఇది తరచూ తగిలే రాయి.

ఇవేవీ కాకపోతే ప్లానర్ ఇండెక్స్‌ను చూసి, ఖరీదు ఎక్కువని వదిలేసి ఉండాలి. ఎనేబుల్ సార్ట్‌ను ఆ సెషన్‌లో ఆఫ్ చేసి మళ్లీ ఎక్స్‌ప్లెయిన్ చేయండి. ఇప్పుడు ఇండెక్స్ స్కాన్ వస్తే ఇండెక్స్ పనికొస్తుంది, కాస్ట్ దగ్గర ఓడిపోయిందన్నమాట. అప్పటికీ సార్టే వస్తే ఆ ఇండెక్స్ ఈ క్రమాన్ని ఇవ్వలేదు. రెండింటికీ వైద్యం వేరు.

తెలుగు పేర్లున్న కాలమ్‌ను సార్ట్ చేసేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

చూడాలి. క్రమం అంటే ఏమిటో నిర్ణయించేది కొలేషన్. సీ కొలేషన్‌లో బైట్లను పోల్చుతుంది, అంటే యూనికోడ్ పట్టికలో అక్షరాలున్న క్రమమే వస్తుంది. ఆ పట్టికలో ళ అక్షరం ల పక్కనే ఉంటుంది, వ కంటే ముందు. మన వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. ఫలితంగా సీ కొలేషన్‌లో కళావతి ముందు, కవిత తర్వాత. నిఘంటువు క్రమంలోనైతే కవితే ముందు రావాలి. ఈ రెండు పేర్లనూ మీ టెస్ట్ డేటాలో పెట్టి, మీరు వాడే కొలేషన్ ఏ క్రమం ఇస్తోందో కళ్లతో చూసి, మీ యూజర్లకు ఏది కావాలో నిర్ణయించుకోండి.

స్పీడ్ విషయానికొస్తే, 9.5 వెర్షన్‌లో అబ్రివియేటెడ్ కీలు వచ్చాయి. పొడుగాటి టెక్స్ట్ మొత్తాన్ని కాకుండా దాని మొదటి కొన్ని బైట్లను ఒక సంఖ్యలా పోల్చే పద్ధతి అది. సీ కొలేషన్‌కు ఇది బాగా కలిసొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే మిగతా కొలేషన్లకు మాత్రం 9.5.2లోనే ఆపేశారు, సిస్టమ్ లైబ్రరీలోని రెండు పోలిక ఫంక్షన్లు ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదని తేలడంతో. కాబట్టి టెక్స్ట్ సార్ట్‌ను కొలిచే ప్రతి టెస్టులో కొలేషన్ ఏమిటో రాసి పెట్టండి. ఆ వివరం లేని అంకెలను నేను పోలికకు తీసుకోను. ఇండెక్స్ కొలేషన్ ఒకటి, క్వెరీలో అడిగిన కొలేషన్ ఇంకొకటి అయితే ఆ ఇండెక్స్ ఆర్డర్ బైకి ఉపయోగపడదు.

ఇంక్రిమెంటల్ సార్ట్ అని కనిపించింది. అదేమిటి?

2020లో వచ్చిన 13వ వెర్షన్‌లో చేర్చారు. ఆర్డర్ బైలో కస్టమర్ ఐడీ, తేదీ రెండూ ఉన్నాయి, ఇండెక్స్ మాత్రం కస్టమర్ ఐడీ మీదే ఉంది అనుకోండి. పాత వెర్షన్లు ఆ ఇండెక్స్‌ను పట్టించుకోకుండా మొత్తం మళ్లీ సార్ట్ చేసేవి. ఇప్పుడు ఇండెక్స్ నుంచి కస్టమర్ క్రమంలో వచ్చే రికార్డులను గుంపులుగా తీసుకుని, గుంపు లోపల తేదీని మాత్రమే సర్దుతుంది. జవాబు పత్రాలు స్కూళ్ల వారీగా కట్టలు కట్టి చేతికొస్తే, కట్ట విప్పి లోపలి హాల్‌టికెట్ నంబర్లు సర్దుకుంటే చాలు కదా, అలాగే.

ప్లాన్‌లో సార్ట్ కీ పక్కన ప్రిసార్టెడ్ కీ అని ఉంటుంది. మీ టెస్టు చూడాల్సింది దాన్నే. దీనివల్ల రెండు లాభాలు. ఒక్కో గుంపూ చిన్నది కాబట్టి డిస్క్‌కు వెళ్లే అవసరం సాధారణంగా రాదు. లిమిట్ ఉంటే మొదటి కొన్ని గుంపులతోనే పని ముగుస్తుంది. అయితే ఒకే కస్టమర్ దగ్గర సగం టేబుల్ ఉంటే ఈ లాభం కరిగిపోతుంది. ఎగుడుదిగుడు డేటాతో టెస్ట్ చేయమని పైన చెప్పింది ఇందుకే.

లిమిట్ 10 పెట్టాక క్వెరీ ఇంకా నెమ్మదించింది. ఇదెలా సాధ్యం?

పోస్ట్‌గ్రెస్‌లో ఎక్కువ మందిని తికమక పెట్టే సమస్య ఇదే అని నా అభిప్రాయం.

ఆర్డర్ల టేబుల్‌లో స్టేటస్ పెండింగ్ ఉన్నవాటిలో అన్నిటికంటే పాత 10 కావాలి. తేదీ మీద ఇండెక్స్ ఉంది. ప్లానర్ ఇలా లెక్క వేస్తుంది: టేబుల్‌లో పెండింగ్ ఆర్డర్లు నూటికి ఒకటి ఉన్నాయి, అవి తేదీ పొడుగునా సమానంగా పరుచుకుని ఉంటాయి, కాబట్టి ఇండెక్స్‌ను పాత తేదీ నుంచి చదువుకుంటూ పోతే సుమారు వెయ్యి రికార్డుల్లో పది దొరుకుతాయి, సార్ట్ చేసే పనే లేదు. లెక్క బాగానే ఉంది. కానీ పెండింగ్‌లో ఉండేవి నిన్నా మొన్నటి ఆర్డర్లు. పాత ఆర్డర్లన్నీ ఎప్పుడో డెలివరీ అయిపోయాయి. అంటే ఇండెక్స్‌ను మొదటి నుంచి దాదాపు చివరి దాకా చదివితే గానీ మొదటి పెండింగ్ ఆర్డర్ దొరకదు.

ప్లాన్‌లో ఇది స్పష్టంగా పట్టుబడుతుంది. ఇండెక్స్ స్కాన్ కింద రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్ (చదివి, షరతుకు సరిపోక వదిలేసిన రికార్డులు) అనే లైన్‌లో లక్షల సంఖ్య ఉంటుంది. సార్ట్ లేదు, డిస్క్ టెంప్ ఫైలు లేదు, ఇండెక్స్ వాడింది. పైపైన చూస్తే ఆదర్శ ప్లాన్. "సార్ట్ నోడ్ లేకపోతే పాస్" అని రాసుకున్న టెస్టు దీన్ని దాటనిచ్చేస్తుంది.

సరైన మందు స్టేటస్, తేదీ రెండూ కలిపిన ఇండెక్స్. లేదా స్టేటస్ పెండింగ్ ఉన్నవాటికే తేదీ మీద పార్షియల్ ఇండెక్స్. అత్యవసరంగా ప్రొడక్షన్‌లో ఆపాలంటే ఆర్డర్ బైలో కాలమ్‌కు సున్నా విలువ గల ఇంటర్వెల్‌నో, నంబరైతే సున్నానో కలపండి. అప్పుడు ప్లానర్‌కు ఆ ఇండెక్స్ ఆ క్రమానికి పనికిరాదు కాబట్టి వేరే దారి వెతుక్కుంటుంది. అది తాత్కాలికమని కోడ్‌లో కామెంట్ రాయండి.

పేజీలు తిప్పే లిస్టుల్లో ఆఫ్‌సెట్ కూడా జాగ్రత్త. ఆఫ్‌సెట్ 5 లక్షలు, లిమిట్ 10 అంటే హీప్‌సార్ట్ 5 లక్షల 10 రికార్డులను పట్టుకోవాలి. టాప్-ఎన్ లాభం పోయి మళ్లీ ఎక్స్‌టర్నల్ మెర్జ్ వస్తుంది. చివరగా చూపిన రికార్డు విలువను పట్టుకుని "దాని తర్వాతివి" అని అడగడం మంచి పద్ధతి. ఆ పద్ధతికి ఆర్డర్ బై చివర ఐడీ ఉండి తీరాలి. ఒకే తేదీతో రెండు ఆర్డర్లుంటే ఏది ముందో డేటాబేస్ హామీ ఇవ్వదు, ఒక రికార్డు రెండు పేజీల్లో కనిపించి, ఇంకొకటి ఎక్కడా కనిపించకుండా పోతుంది.

గ్రూప్ బైకి ఒకసారి హాష్ అగ్రిగేట్, ఇంకోసారి గ్రూప్ అగ్రిగేట్ వస్తోంది. ఏది మంచిది?

గ్రూప్ అగ్రిగేట్‌కు రికార్డులు క్రమంలో రావాలి. ఒక గ్రూపు అయిపోగానే ఫలితం బయటికి పంపి, దాన్ని మర్చిపోతుంది. హాష్ అగ్రిగేట్‌కు క్రమంతో పని లేదు, కానీ గ్రూపులన్నీ మెమరీలో ఉండాలి. తెలంగాణ 33 జిల్లాల వారీగా కోటి రికార్డులను కూడితే హాష్ టేబుల్‌లో ఉండేవి 33 ఎంట్రీలే. అక్కడ సార్ట్ చేయడం శుద్ధ దండగ. అదే కోటి రికార్డులను ఫోన్ నంబర్ వారీగా కూడితే గ్రూపులే లక్షల్లో ఉంటాయి, అప్పుడు ఇండెక్స్ నుంచి క్రమంలో వచ్చే డేటాతో గ్రూప్ అగ్రిగేట్ గెలవొచ్చు.

12వ వెర్షన్ వరకు గ్రూపుల అంచనా తప్పితే హాష్ అగ్రిగేట్ వర్క్ మెమ్‌ను దాటి మెమరీ తింటూ పోయేది. 13 నుంచి పరిమితి దాటితే డిస్క్‌కు రాస్తుంది. ప్లాన్‌లో బ్యాచెస్ 1 అని ఉంటే అంతా మెమరీలోనే. ఎక్కువ ఉండి, డిస్క్ యూసేజ్ అని కూడా ఉంటే పొంగిపొర్లినట్టు.

గ్రూపుల సంఖ్యను ప్లానర్ తప్పుగా అంచనా వేస్తోంది. సరిచేసే దారి ఉందా?

ఉంది. ముందు తప్పు ఎంతుందో కొలవండి. అగ్రిగేట్ నోడ్‌లో అంచనా రోస్ ఎంత, అసలు రోస్ ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి.

జిల్లా, మండలం కోడ్ రెండింటి మీద గ్రూప్ బై ఇచ్చారనుకుందాం. 33 జిల్లాలు, 600కు పైగా మండలాలు. ఒక్కో మండలం ఒకే జిల్లాలో ఉంటుందని మనకు తెలుసు, ప్లానర్‌కు తెలియదు. రెండు సంఖ్యలనూ గుణించి 20 వేల దాకా గ్రూపులు అనుకుంటుంది. ఉన్నవి 600 పైచిలుకే. 10వ వెర్షన్‌లో వచ్చిన క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో ఈ రెండు కాలమ్‌లకు ఎన్‌డిస్టింక్ట్ (వేర్వేరు జతలెన్నో చెప్పే) రకం గణాంకం పెట్టి, ఎనలైజ్ చేస్తే అంచనా దారికొస్తుంది.

ఇంతకంటే ఎక్కువ నష్టం చేసేది నెలవారీ రిపోర్ట్. డేట్ ట్రంక్‌తో టైమ్‌స్టాంప్‌ను నెలకు కుదించి గ్రూప్ బై ఇస్తాం. ఫంక్షన్ తర్వాత ఎన్ని విలువలు మిగులుతాయో ప్లానర్‌కు తెలియదు, లోపలి కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో అన్ని గ్రూపులు అనుకుంటుంది. టైమ్‌స్టాంప్ దాదాపు ప్రతి రికార్డుకూ వేరే. దాంతో ఏడాదికి 12 గ్రూపులొచ్చే చోట లక్షల గ్రూపులు అంచనా వేసి, హాష్ పట్టదనుకుని, డిస్క్ మీద సార్ట్‌కు దిగుతుంది. 14వ వెర్షన్ నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్‌ను ఎక్స్‌ప్రెషన్ మీద కూడా పెట్టవచ్చు. డేట్ ట్రంక్ ఎక్స్‌ప్రెషన్ మీద ఒకటి పెట్టి, ముందూ వెనకా ప్లాన్ చూడండి. ఒక్క లైన్‌తో ఇంత మార్పు తెచ్చే పని ఈ పేజీలో ఇంకోటి లేదు.

కౌంట్ డిస్టింక్ట్ ఉన్న క్వెరీలో సార్ట్ నోడ్ కనిపించదు. కానీ టెంప్ ఫైళ్లు రాస్తోంది. అవెక్కడివి?

అగ్రిగేట్ లోపలే సార్ట్ జరుగుతుంది. 15వ వెర్షన్ వరకు కౌంట్ డిస్టింక్ట్, లోపల ఆర్డర్ బై ఉన్న అగ్రిగేట్లు తమ సార్ట్ తామే చేసుకునేవి, ప్లాన్‌లో ప్రత్యేకంగా కనిపించేది కాదు. బఫర్స్ లైన్‌లో టెంప్ రీడ్, రిటన్ సంఖ్యలే ఆధారం. 2023లో వచ్చిన 16వ వెర్షన్ నుంచి ప్లానర్ ఈ అగ్రిగేట్లకు ముందే సార్ట్ అయిన డేటాను అందించగలదు. సరిపడే ఇండెక్స్ ఉంటే దాన్నీ వాడుకుంటుంది.

గ్రూప్ బై ఇస్తే ఫలితం ఎలాగూ క్రమంలోనే వస్తోంది. ఆర్డర్ బై అవసరమా?

అవసరం. క్రమంలో రావడం ఆ రోజు ఎంచుకున్న ప్లాన్ వల్ల జరిగింది. 2003 నాటి 7.4 వెర్షన్‌లో హాష్ అగ్రిగేట్ వచ్చినప్పటి నుంచే గ్రూప్ బైకి ఈ క్రమం నిలుస్తుందన్న హామీ లేదు. సెలెక్ట్ డిస్టింక్ట్‌కు కూడా 2009లో వచ్చిన 8.4 నుంచి అంతే. 17వ వెర్షన్‌లోనైతే గ్రూప్ బైలో మీరు రాసిన కాలమ్‌ల వరుసను కూడా ప్లానర్ తనకు అనువుగా మార్చుకోగలదు. మైఎస్‌క్యూఎల్‌లో ఒకప్పుడు గ్రూప్ బై అంటే సార్ట్ కూడా అని అర్థం ఉండేది, 8.0లో దాన్ని తీసేశారు. అక్కడ పాత కోడ్‌తో వెర్షన్ మారినవాళ్లకు రిపోర్టుల్లో క్రమం చెదరడానికి ఇదొక కారణం.

టెస్టులో దీన్ని బయటపెట్టడం తేలిక. అదే క్వెరీని ఎనేబుల్ హాష్‌ఆగ్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడపండి. ఫలితాల క్రమం మారితే, మీ కోడ్ ఆ క్రమం మీద ఆధారపడి ఉంటే, బగ్ దొరికినట్టే.

ఎనేబుల్ స్విచ్‌లను ప్రొడక్షన్‌లో వాడొచ్చా?

అవి పరిశోధన కోసం. ఆఫ్ చేసినంత మాత్రాన ఆ పద్ధతిని పూర్తిగా నిషేధించినట్టు కాదు, వేరే దారి లేకపోతే అదే వాడుతుంది. 17 వరకు భారీ కాస్ట్ కలిపి నిరుత్సాహపరిచేవారు. 18లో ఆఫ్ చేసిన నోడ్ పక్కన డిసేబుల్డ్ అని ప్లాన్‌లోనే చూపిస్తుంది.

ఇవన్నీ ఆటోమేటెడ్ టెస్టుల్లో ఎలా పెట్టాలి?

పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు తమ సొంత ప్లానర్‌ను ఎలా టెస్ట్ చేస్తారో చూస్తే మంచి పాఠం దొరుకుతుంది. సోర్స్ కోడ్‌తో పాటే రిగ్రెషన్ టెస్టులు వస్తాయి. వాటిలో టెన్‌కే1 అనే టేబుల్ ఉంది, పేరుకు తగ్గట్టే 10,000 రికార్డులు. దాని కాలమ్‌లలో యూనిక్ విలువలున్నవి, రెండే విలువలున్నవి, పది, వంద, వెయ్యి వేర్వేరు విలువలున్నవి ఉంటాయి. గ్రూపుల సంఖ్యను మార్చి మార్చి చూడటానికి ఇంతకంటే అనువైన టేబుల్ ఉండదు. మీ టెస్ట్ స్కీమాలోనూ ఇలాంటిదొకటి పెట్టుకోండి.

అక్కడ ప్లాన్‌ను కాస్ట్స్ ఆఫ్ ఆప్షన్‌తో తీసుకుని, టెక్స్ట్‌ను ఆశించిన టెక్స్ట్‌తో పోలుస్తారు. కాస్ట్ అంకెలు మెషీన్‌ను బట్టి, గణాంకాలను బట్టి మారతాయి కాబట్టి వాటిని తీసేస్తారు. ఇంక్రిమెంటల్ సార్ట్ టెస్టుల్లో ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఇచ్చే మెమరీ కేబీ అంకెల చోట ఎన్ఎన్ అనే అక్షరాలు పెట్టే ఒక సహాయక ఫంక్షన్ రాసుకున్నారు. సార్ట్ మెథడ్ పేరు మిగులుతుంది, మారే అంకె పోతుంది. ఏది స్థిరంగా ఉండాలో, ఏది మారినా ఫర్వాలేదో ఆ ఒక్క ఫంక్షన్‌లో తేల్చేశారు.

మీ టెస్టుల్లో జేసన్ ఫార్మాట్‌లో ప్లాన్ తీసుకుంటే నోడ్ టైప్, సార్ట్ మెథడ్ వెతకడం ఇంకా తేలిక. పారలల్ వర్కర్లను సున్నా చేయండి, జిట్ (నడిచేటప్పుడే క్వెరీని మెషీన్ కోడ్‌గా మార్చే సదుపాయం) ఆపేయండి, వర్క్ మెమ్ ఎంతో టెస్టులోనే సెట్ చేయండి. లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లో పాసైంది బిల్డ్ సర్వర్‌లో ఫెయిలవుతుంది. ప్రతి క్వెరీకీ ప్లాన్ టెస్ట్ రాయొద్దు. హోమ్ పేజీ లిస్టు, ముఖ్యమైన రిపోర్టులు, ఇలా దెబ్బతింటే అందరికీ తెలిసిపోయే క్వెరీలకు చాలు. మిగతావాటికి ఫలితం సరైనదా, క్రమం సరైనదా అని చూసే టెస్ట్ సరిపోతుంది.

టైమ్‌ను కొలవాలంటే వేరే టెస్టుగా ఉంచండి. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఒక్కో నోడ్ దగ్గర గడియారం చూడటానికే కొంత సమయం తింటుంది, టైమింగ్ ఆఫ్ ఆప్షన్‌తో ఆ భారం తగ్గుతుంది. ఫలితాన్ని క్లయింట్‌కు పంపే ఖర్చు అందులో ఉండదని కూడా గుర్తుంచుకోండి.

ప్రొడక్షన్‌లో ఏ సార్ట్ డిస్క్‌కు వెళ్తోందో ఎలా తెలుస్తుంది?

లాగ్ టెంప్ ఫైల్స్‌ను సున్నా చేస్తే ప్రతి టెంప్ ఫైలూ లాగ్‌లో పడుతుంది. లాగ్ మరీ నిండుతుంటే పెద్ద ఫైళ్లకు మాత్రమే పరిమితి పెట్టండి. క్వెరీల వారీగా లెక్కలు దాచే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్‌లో టెంప్ బ్లాకులు ఎక్కువ రాసిన క్వెరీల క్రమంలో ఒక లిస్టు తీయండి. మీరు టెస్టులు రాయాల్సిన క్వెరీల జాబితా అదే.

మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లో ఏం చూడాలి?

మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్లెయిన్‌లో యూజింగ్ ఫైల్‌సార్ట్, యూజింగ్ టెంపరరీ అనే మాటలు వెతకండి. ఫైల్‌సార్ట్ అన్నంత మాత్రాన ఫైలు రాసిందని కాదు, ఇండెక్స్ క్రమం వాడకుండా సార్ట్ చేసిందని మాత్రమే. 8.0.18 నుంచి అక్కడా ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఉంది. ఎస్‌క్యూలైట్‌లో ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ ఇస్తే, సార్ట్ అవసరమైన చోట యూజ్ టెంప్ బీ-ట్రీ ఫర్ ఆర్డర్ బై అని చెబుతుంది. గ్రూప్ బైకీ అలాగే.

వెర్షన్ అప్‌గ్రేడ్ ముందు ఏం చేయాలి?

ముఖ్యమైన క్వెరీల ప్లాన్లను పాత వెర్షన్‌లో సేవ్ చేసి, కొత్తదాంట్లో అదే డేటా మీద, ఎనలైజ్ అయ్యాక తీసి పోల్చండి. ప్లాన్ మారడం తప్పు కాదు. ఎక్స్‌టర్నల్ మెర్జ్ కొత్తగా ఎక్కడ వచ్చిందో, రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్ ఎక్కడ ఎగబాకిందో మాత్రం విడిగా చూడండి.

డేటాబేస్ మారకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ మారితే జాగ్రత్త. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ సిస్టమ్ లైబ్రరీ) 2.28లో భాషల క్రమ నియమాలు పెద్ద ఎత్తున మారాయి. పాత క్రమంలో కట్టిన టెక్స్ట్ ఇండెక్స్‌ను కొత్త నియమాలతో చదివితే ఉన్న రికార్డు లేదని చెప్పవచ్చు, యూనిక్ కాలమ్‌లో ఒకే పేరు రెండుసార్లు చేరవచ్చు. ఆ గీత దాటే ఏ అప్‌గ్రేడ్‌లోనైనా సిస్టమ్ కొలేషన్ వాడే టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేసి, ఇండెక్సులను తనిఖీ చేసే యామ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో ఒకసారి సరిచూశాకే యూజర్లను లోపలికి అనుమతించండి.